పాడేవాళ్లు లేని పాటలు

ఇన్నాళ్లూ ఈ సంగతి రాయకపోవడానికి పెద్ద కారణమేమీ లేదు. నాకు రాయడం రాదు, అంతే. పుట్టింటి ఊళ్లో బడి ఉంది. ఆ బడి ముందు నుంచే నేను రోజూ మిరపకోతకి నడిచి వెళ్లేదాన్ని. అన్నయ్యలు లోపలికి వెళ్లేవాళ్లు, నేను ముందుకి వెళ్లేదాన్ని. తర్వాత జగ్గయ్యపేటలో ఒక లారీ డ్రైవరుకిచ్చి పెళ్లి చేశారు. వేలిముద్రతోనే సంసారమంతా గడిచింది. యాభై దాటాక, నందిగామలో మా అమ్మాయి ఇంటికి వచ్చి ఉన్నప్పుడు, అక్షరాలు నేర్చుకున్నాను. నేర్చుకున్నాక కూడా కొన్నాళ్లు ఇది రాయలేకపోయాను. కోపం వస్తే నా చెయ్యి వణుకుతుంది. వణికితే సున్నాలు మూసుకోవు. కోపం ఇప్పుడూ పోలేదు గానీ చెయ్యి కొంచెం కుదిరింది.

రాయబోయేది సంగీతం గురించి. నోటితో పాడేవాళ్లెవరూ లేకుండా, వట్టి వాయిద్యాలే మోగే సంగీతం గురించి. అత్తవారింట్లో ఇది నాది అని నేను అనుకోగలిగింది అదొక్కటే. మంచం వాళ్లది, గేదె వాళ్లది, వంటగదిలో గరిటె కూడా మా అత్త పుట్టింటి నుంచి తెచ్చుకున్నదే. ఆ ఒక్కటీ నాకు దక్కిందా లేదా అన్నదే ఇక్కడ నేను చెప్పుకోవలసింది.

అది నా చేతికి వచ్చింది మా ఆయన పొరపాటు వల్ల. విజయవాడ నుంచి లోడు దించి వస్తూ, పరిటాల దగ్గర టీకి ఆగినప్పుడు, రోడ్డు పక్క బండి మీద ఒక క్యాసెట్టు కొన్నాడు. అట్ట మీద పట్టుచీర కట్టుకుని వీణ పట్టుకున్న అందమైన అమ్మాయి బొమ్మ ఉంది. పాత సినిమా పాటలనుకున్నాడట. లారీలో పెట్టుకుని ఇంటిదాకా విన్నాడు. ఎంతసేపటికీ ఎవరూ పాడలేదు. ఇంటికి వచ్చి చెప్పులు విప్పకుండానే దాన్ని నా ఒళ్లోకి విసిరాడు.

"మోసం చేశాడే వెధవ! పాడేవాడు ఇంకా నిద్ర లేచినట్టు లేదు."

"మరి ఇంతసేపూ ఏం వచ్చింది?"

"టింగు టింగుమని గోకుడు. నీకు పనికొస్తుందేమో చూడు, మిరపకాయలు తొడిమలు తీసేటప్పుడు పెట్టుకో."

ఎగతాళికి అన్నాడు. నేను నిజంగానే పెట్టుకున్నాను. మధ్యాహ్నాలు వరండాలో గోనెపట్టా పరిచి, ఎండుమిరపకాయల కుప్ప ముందు కూర్చుని తొడిమలు తీస్తూ ఆ వీణ విన్నాను. తీగ మీటాక ఆ మోత గాల్లో కలిసిపోయే లోపు ఇంకో మోత వచ్చి దాన్ని అందుకునేది. సినిమా పాటైతే ఎవరో వచ్చి తమ ప్రేమ గురించో, తమ కష్టం గురించో నాకు చెబుతారు. నేను వినాలి. ఇందులో నాకెవరూ ఏమీ చెప్పడం లేదు. పుట్టి బుద్ధెరిగాక, ఏదో ఒక పని చెప్పకుండా నా దగ్గరికి వచ్చిన మొదటి చప్పుడు అదే. కారం ఘాటుకి ముక్కు కారుతోంది కాబట్టి కళ్లు ఎందుకు తుడుచుకుంటున్నానో ఎవరికీ చెప్పుకోవలసిన పని కూడా లేకపోయింది.

రెండో రోజే ఎదురింటావిడ పరుగున వచ్చింది. గుమ్మం అవతలే నిలబడి గొంతు తగ్గించి అడిగింది.

"అక్కా, ఎవరు పోయారు?"

"ఎవరూ పోలేదే!"

"మరి రేడియోలో అది వేస్తున్నారుగా?"

అప్పుడు గాని నాకు తట్టలేదు. దేశంలో పెద్దవాళ్లు ఎవరైనా పోతే ఆ రోజంతా రేడియోలో పాటలు ఆపేసి ఇలాంటి వీణో వయొలినో సన్నాయో వేసేవారు. మా వీధికి మాటలు లేని సంగీతం తెలిసింది అలాగే. గొంతు లేకుండా వాయిద్యం మోగిందంటే శవం లేచిందన్నమాటే. మా అత్తకి నేను చెప్పే లోపే ఎదురింటావిడ చెప్పింది. అత్త లోపల్నుంచి వచ్చి టేపురికార్డరు ఆపేసింది.

"బంగారం లాంటి కొడుకు రోడ్ల మీద తిరుగుతుంటే ఇంట్లో చావుపాట పెడతావటే? నీకు ఇంకే పాటా దొరకలేదూ?"

అప్పటి నుంచి ఒక కట్టడి వచ్చింది. లారీ బయలుదేరే రోజు పెట్టకూడదు. లారీ దారిలో ఉండగా పెట్టకూడదు. ఆయన ఇంట్లో ఉంటే నిద్రకి అడ్డం కాబట్టి పెట్టకూడదు. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించే ఇల్లు మాది. ఆ నిమ్మకాయలకి ఎంత బలం ఉందో నా క్యాసెట్టుకి అంత దోషం ఉందని అందరూ ఒప్పుకున్నారు. నన్ను అడగలేదు.

అయినా విన్నాను. అత్త పెనుగంచిప్రోలు తిరపతమ్మ దగ్గరికి వెళ్లినప్పుడు, చుట్టాల పెళ్లిళ్లకి వెళ్లినప్పుడు, చప్పుడు బాగా తగ్గించి, చెవి టేపురికార్డరుకి ఆనించి విన్నాను. ఒక్కటి విన్నాక ఇంకోటి కావాలనిపించింది. జగ్గయ్యపేట బస్టాండు దగ్గర క్యాసెట్ల కొట్టుకి వెళ్లాను. అక్కడ జనం పాట మొదటి ముక్క పాడి అడుగుతారు. కొట్టతను తీసి ఇస్తాడు. నేనేం పాడను? వీణ నోటితో ఎలా వాయించను?

"పాటలు లేనిది ఇవ్వండి" అన్నాను.

అతను ఒకటి తీసి ఇచ్చాడు. ఇంటికి తెచ్చి పెడితే ఒక్క చప్పుడు లేదు. రెండో పక్క తిప్పినా లేదు. ఖాళీ క్యాసెట్టు. మర్నాడు పట్టుకెళితే అతను పగలబడి నవ్వాడు.

"పాటలు లేనిదన్నారు కదమ్మా, రికార్డింగు చేయించుకుంటారేమో అనుకున్నా!"

నవ్వితే నవ్వాడు గానీ ఆ తర్వాత నా కోసం వెతికేవాడు. నాకు చదవడం రాదు కాబట్టి అట్టల మీద బొమ్మలే గుర్తు. గంగ ఒడ్డున దీపాలున్న అట్ట ఉత్తరాది సన్నాయిది. మన సన్నాయి పెళ్లివారిని పిలుస్తున్నట్టు ఉంటుంది. అది ఎవరినీ పిలవదు, తనలో తను గొణుక్కుంటుంది. మంచుకొండలున్న అట్ట సంతూరుది. రేకుల కప్పు మీద చినుకులు మొదలైనప్పుడు ఉంటుందే, అది. కోటు వేసుకున్న మనిషి ఇత్తడి గొట్టం ఊదుతున్న అట్ట శాక్సఫోనుది. పెళ్లి ఊరేగింపులో బ్యాండువాళ్లు గోలగోలగా ఊదే ఆ గొట్టం, ఒంటరిగా వదిలేస్తే ఇంత నెమ్మదిగా మాట్లాడుతుందని నాకు తెలియదు. జలుబు చేసిన పెద్దమనిషి ఏదో మంచిమాట చెబుతున్నట్టు ఉంటుంది. వేరే ఖండం నుంచి వచ్చిన ఒట్టి డోళ్ల క్యాసెట్టు కూడా ఒకటి ఇచ్చాడు. డప్పు వింటూ పెరిగినదాన్ని, అందులో ఒక్క దెబ్బ కూడా నాకు కొత్తగా అనిపించలేదు.

సినిమా పాటల క్యాసెట్లో పాటల్ని ఎటు తిప్పి విన్నా ఒకటే. వీటికి మాత్రం ఒక నడక ఉంటుందని మెల్లగా తెలిసింది. మొదట మంద్రంగా ఉన్నది మధ్యలో ఎందుకు ఉరికిందో, చివర ఎందుకు చల్లబడిందో, వరసగా వింటేనే తెలుస్తుంది. ఎవరో కూర్చుని ఆ వరస ఆలోచించి పెట్టారు. అందుకని వాటిని మధ్యలో ఆపకూడదు. మా ఇంట్లో ఎప్పుడూ మధ్యలోనే ఆపవలసి వచ్చేది.

క్యాసెట్లు పోయాయి. మెమరీ కార్డులు వచ్చి అవీ పోయాయి. మా అమ్మాయి ఉద్యోగంలో చేరి నాకు పెద్ద ఫోను కొనిచ్చింది. నోటితో చెబితే చాలు, వెతుక్కొస్తుంది. "వేణువు" అంటే వేణువు వచ్చేది. అది అయిపోయాక ఫోనే ఇంకోటి తెచ్చి పెట్టేది. అలా వస్తూ వస్తూ ఒకరోజు ఒక విదేశీ సంగీతం వచ్చింది. బొమ్మలో ఖాళీ గది, కుర్చీలో మనవైపు వీపు పెట్టి కూర్చున్న ఒక ఆడమనిషి. ఆమె మోకాళ్ల మధ్య మనిషంత వయొలిన్. దాన్ని సెల్లో అంటారని తర్వాత అమ్మాయి చెప్పింది. దాని గొంతు మగగొంతూ కాదు, ఆడగొంతూ కాదు. బరువు ఎత్తుకున్న మనిషి ఇంకా దించకుండా ఊపిరి పీల్చుకుంటే వచ్చే చప్పుడులా ఉంది. ఆ ఆల్బంలో ఉన్నవన్నీ ఒకదాని వెనక ఒకటి విన్నాను. మర్నాడూ విన్నాను. చెవుల్లో తీగలు పెట్టుకుని, గిన్నెలు తోముతూ, గడ్డి వేస్తూ, ఏళ్ల తరబడి విన్నాను.

"చెవులు మూసుకుంటే పిలిచినా పలకదు" అనేది అత్త.

"మూగపాటలు వినీ వినీ మూగదైపోద్ది చూడు" అనేవాడు మా ఆయన. నాకు అదే హాయిగా ఉండేది.

మా ఆయన పోయింది లారీ ప్రమాదంలో కాదు. లారీ ఇంటి ముందు ఆపి, స్నానం చేసి, భోజనానికి కూర్చుని గుండె పట్టుకున్నాడు. విజయవాడ తీసుకెళ్లే దారిలో పోయాడు. వెనక్కి తెచ్చి, వాకిట్లో షామియానా వేసి, ఐసు పెట్టెలో పడుకోబెట్టారు. నేను పెట్టె పక్కన కూర్చున్నాను. మైకుసెట్టు అతను వచ్చాడు గానీ అతని పెన్‌డ్రైవు పని చేయలేదు. మా మరిది అటూ ఇటూ తిరిగి నా దగ్గరికి వచ్చి వంగాడు.

"వదినా, నీ ఫోను ఇటియ్యి. అందులో ఉంటయ్‌గా ఇలాంటియి."

ఇవ్వనని అనడానికి అది వేళ కాదు. అసలు అతను అడగలేదు కూడా, అంటూనే నా ఒళ్లోంచి తీసుకున్నాడు. కాసేపటికి వాకిలంతా ఆ సెల్లో మోగింది. పగిలిన స్పీకర్లో గరగరమంటూ వచ్చింది. మొదటిది అయిపోయింది. రెండోది మొదలవుతుందని, చుట్టూ అంత ఏడుపులోనూ, నా ఒళ్లు దానంతటది ఎదురుచూసింది. రాలేదు. మళ్లీ మొదటిదే వచ్చింది. దాన్నే తిప్పి తిప్పి వేసేటట్టు పెట్టాడు మరిది. శవం లేచేదాకా అదొక్కటే.

వచ్చినవాళ్లంతా మెచ్చుకున్నారు. "భలే పెట్టారయ్యా, గుండె పిండేసింది" అన్నారు. మరిది గొప్పగా చెప్పాడు.

"మా వదిన దగ్గర ఎప్పటి నుంచో ఉందండి."

ఆ మాట మా అత్త విన్నది. పెట్టె మీద తల ఆనించి ఉన్నదల్లా లేచి నా వైపు తిరిగింది.

"విన్నారా? ఎప్పటి నుంచో తెచ్చి పెట్టుకుందంట! పెట్టొద్దే, పెట్టొద్దే అంటే విన్నదా? ఇన్నేళ్లూ పెట్టి పెట్టి చివరికి పంపించింది నా బిడ్డని!"

కొడుకు పోయిన తల్లి. ఆమెని నేనేమీ అనలేను. కానీ అక్కడున్న అంతమందిలో ఒక్కళ్లు కూడా "ఊరుకో పెద్దమ్మా, అదేం మాట" అనలేదు. తలలు దించుకున్నారు. నిజమేనేమో అని ఆలోచిస్తున్నారని ఆ దించుకోవడంలోనే తెలిసింది.

అక్కడితో అయిపోలేదు. మైకుసెట్టు అతను ఆ రోజే మా మరిది చేత ఆ ఆల్బమంతా తన ఫోనులోకి ఎక్కించుకున్నాడట. దశదినం అయిన కొద్దిరోజులకే వెనక వీధిలో ఒక ముసలాయన పోయాడు. అక్కడా అదే. తర్వాత మార్కెట్టు యార్డు దగ్గర ఒకావిడ పోయింది. అక్కడా అదే. మొదటిదొక్కటే, మళ్లీ మళ్లీ. ఆ వాయిద్యం పేరు ఎవరికీ తెలియదు. వాళ్లు దానికి మా ఆయన చావు పేరే పెట్టుకున్నారు. "లారీ ఆయన పోయినప్పుడు వేశారే, అది వెయ్యి" అని అడుగుతున్నారట. ఎదురింటావిడ వచ్చి, "అక్కా, మా మామగారికి రేపోమాపో అన్నట్టుంది. ఆ పాట కొంచెం నా ఫోనుకి పంపవా?" అంది. ఆ మామగారు వాళ్లింట్లో మంచం మీద కాఫీ తాగుతూనే ఉన్నాడు.

నేను మైకుసెట్టు కొట్టుకి వెళ్లాను. అది వెయ్యొద్దని చెప్పాను.

"అదేంటి పిన్నిగారూ, అందరూ అదే అడుగుతుంటే! పుణ్యం మీకే."

"అది అందుకోసం చేసింది కాదు."

"మరి ఎందుకోసం చేసింది?"

మిరపకాయలు తొడిమలు తీసేటప్పుడు వినేదని చెబితే నవ్వుతాడు.

"పోనీ ఒకటి చెయ్యి. అందులో మొదటిదొక్కటే కాదు, వెనకాల ఇంకా ఉన్నాయి. అవన్నా వెయ్యి."

"వెనకవి విన్నా పిన్నిగారూ. ఒకట్రెండు మరీ హుషారుగా ఉన్నయ్. జనం కొడతారు నన్ను."

ఇంటికి వచ్చేశాను. ఇక ఆ వీధిలో ఉండబుద్ధి కాలేదు. మా అమ్మాయి నందిగామలో ప్రైవేటు బళ్లో లెక్కలు చెబుతుంది. వచ్చి తనతో ఉండమంది. అత్తకి రెండో కొడుకు ఉన్నాడు. నేను వెళ్లిపోతానంటే ఆమె మొహం తిప్పుకుంది, అంతే.

నందిగామలో నాకు మిరపకాయలు లేవు, గేదె లేదు. అక్షరాలు మొదలుపెట్టాను. బుద్ధి కోసం కాదు, ఉద్ధరింపు కోసం కాదు. ఆ ఆల్బం పేరేంటో, ఆ వీపు తిప్పి కూర్చున్న మనిషి పేరేంటో చదవాలని. పేరు తెలిస్తే అది చావుపాట కాకుండా మళ్లీ ఆ మనిషి పాట అవుతుందనిపించింది. అమ్మాయి బడి నుంచి వచ్చాక పలక మీద రాసి దిద్దించేది. బస్టాండుకి వెళ్లి బస్సుల బోర్డులు చదివేదాన్ని. మైలవరం తేలిగ్గా వచ్చింది. జగ్గయ్యపేట అన్న మాటలో ఆ వత్తులు చాలారోజులు ఏడిపించాయి. చివరికి ఒకరోజు ధైర్యం చేసి ఫోను తీసి, ఆ బొమ్మ కింద రాసింది చదవబోయాను. ఒక్క అక్షరమూ అందలేదు.

"అమ్మా, అది ఇంగ్లీషు" అంది అమ్మాయి.

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. తనే చదివి చెప్పింది. మనిషి పేరు నా నోరు తిరగలేదు. పాటలకి అసలు పేర్లే లేవట. ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేసి ఉన్నాయి. అంకెలు నాకు ముందే వచ్చు.

ఆ సాయంత్రం అమ్మాయి పరీక్ష పేపర్లు దిద్దుకుంటోంది. ఇక్కడ మా వీధి లేదు, అత్త లేదు, లారీ లేదు. పక్కవాటాల వాళ్లకి నేనెవరో తెలియదు. ఇన్నేళ్లకి చెవుల్లో తీగలు లేకుండా, గది నిండా, మొదట్నుంచి చివరిదాకా వినచ్చు అనుకున్నాను. పైగా నాతో కూర్చుని వినే మనిషి ఎవరన్నా ఉంటే అది నా కూతురే. ఫోను కిటికీలో నిలబెట్టి పెట్టాను.

మొదటిది సగం కూడా కాలేదు. అమ్మాయి కలం ఆగిపోయింది. తల ఎత్తలేదు.

"అమ్మా, ఆపవా?"

"ఏమ్మా?"

"నాన్న పెట్టెలో కనపడుతున్నాడు నాకు."

"దీని వెనకది వేరేగా ఉంటుంది తల్లీ, కొంచెం ఓపిక పట్టు."

"నా వల్ల కాదమ్మా. నువ్వు తీగలు పెట్టుకుని విను, నేనేమీ అనను. కానీ ఈ ఇంట్లో పైకి పెట్టకు. ఎప్పుడూ పెట్టకు."

అత్త అంటే ఎదురు చెప్పుకోవచ్చు. మనసులోనైనా. మైకుసెట్టు అతన్ని తిట్టుకోవచ్చు. ఈ పిల్లని ఏమనను? తండ్రి కోసం ఏడుస్తోంది. నా ఫోను మరిది చేతికి వెళ్లిన రోజున, నాతో కలిసి దాన్ని వినగలిగే ఒకే ఒక్క మనిషిని కూడా అతను తీసుకెళ్లిపోయాడు. అతనికి ఆ సంగతి ఈ రోజుకీ తెలియదు. చెప్పినా, "పాటే కదా వదినా" అంటాడు.

ఆపేశాను. తీగలు పెట్టుకుని విందామని చూశాను. చెవుల్లో అదే పాట వస్తోంది గానీ, ఎదురుగా పేపర్ల మీదికి వంగిన అమ్మాయి మెడ కనపడుతోంది. తీగలు తీసేశాను.

మర్నాడు పొద్దున అమ్మాయి స్నానానికి వెళ్లినప్పుడు, ఫోను తీసుకుని, నోటితో చెప్పకుండా, మొదటిసారి వేలితో అక్షరాలు కొట్టాను. జలతరంగం. అమ్మాయి తెచ్చిచ్చిన వాచకంలో ఆ మాట వచ్చింది, నీళ్లు పోసిన గిన్నెల మీద వాయిస్తారని రాసి ఉంది. నేనెప్పుడూ వినలేదు. అమ్మాయీ విని ఉండదు. వచ్చినదాంట్లో పొడుగ్గా ఉన్నది ఒకటి నొక్కి, పైకే పెట్టి, ఉప్మాకి ఉల్లిపాయలు తరిగాను. ఎవరో హడావుడిగా గిన్నెలు సర్దుతున్నట్టు ఉంది. నాకు నచ్చలేదు.

"ఏంటమ్మా ఆ గిన్నెల గోల?" అంది అమ్మాయి తల తుడుచుకుంటూ.

"నాకూ తెలియదు. విను" అన్నాను.

బడికి టైమైందని, ఉప్మాకి ఆగకుండా తను వెళ్లిపోయింది. నేను గిన్నెలో నీళ్లు మరగబెట్టి, రవ్వ పోసి, ఉండ కట్టకుండా తిప్పుతూ, అది పూర్తిగా అయిపోయేదాకా విన్నాను. చివరిదాకా నచ్చలేదు. ఆపలేదు.